బుధవారం ఓపీ

చీటీ మీద నా నంబరు ముప్పై ఏడు.
ఓదెలన్నది ముప్పై ఆరు.
నడుమ ఇనుప బెంచీ మీద ఆయన టిఫిను సంచి.

కొత్తవాడ మనిషి. జంపఖానాలు నేసిన చేతులు
ఇప్పుడు ఒళ్లె ఖాళీగ కూసోని
అటోసారి ఇటోసారి లేని నాడెను విసురుతుంటయి.
"మగ్గం అమ్మి తొమ్మిదేండ్లాయె బిడ్డా,
చప్పుడు మాత్రం కొన్నోడు తీస్కపోలే" అన్నడు.
ఆ చప్పుట్లనే మాటలుంటయట.
పెండ్లికి పోయినా, పీనుగ ముందు కూసున్నా,
భార్య కలిపిచ్చిన చాయ తాగుతున్నా ఆగయట.
ఎవలు అలిగినా, ఎవలు ఒచ్చి పలకరిచ్చినా
వాటికి పనిలేదు.
లైన్‌మన్ ఒచ్చి మీటర్ల చెవి పెట్టిపోయిండని
చెప్పేటప్పుడు ఆయన గొంతు వణకదు,
నిన్నటి టమాట ధర చెప్పినట్టే చెప్తడు.

నాకట్ల కాదు.
నాకు ముందుగాల ఒక మనిషి పోవాలె.

నయీంనగర్ హాస్టల్ల నీలవేణి
"కొన్నాళ్లు నన్నొదిలెయ్" అన్న రాత్రి
పదకొండుసార్లు ఫోన్ ఎత్తలే.
పన్నెండోసారి గోడ ఎత్తింది.
నన్ను నా పేరుతోనే తిట్టింది.
మెస్సు ఆంటీ, వాచ్‌మన్, కింది రూముల పిల్లలు
అందరి గుసగుస నా మీదనే.
చేతులు చూసుకుంటే ఎవలివో చేతులు.
అద్దంల నేను శానా లోపలికి జరిగిపోయిన.
అయినా ఎక్కడో ఓ మూలకు
జీరో బల్బు ఒకటి వెలుగుతనే ఉండె:
ఇది నిజం కాదేమో, కాదేమో అనుకుంట.
తెల్లారి ఆమె "తిన్నవా?" అని మెసేజ్ పెట్టింది.
గోడ మళ్ల గోడయింది.

ఎనుమాముల యార్డుల మిర్చి బస్తా పిగిలినట్టు,
కండ్లు పోతయనిపిస్తది,
దగ్గి దగ్గి నేల మీద పడతం.
గాలి మర్లినంక
ఎర్రటి కండ్లు తప్ప చూపిచ్చెతందుకు ఏం మిగలదు.

అందుకే వార్డుబాయి అంటడు:
"ఆయనది రోగం. నీయి నకరాలు."
మా చిన్నమ్మదీ అదే మాట, కాకపోతే మెల్లగ.

డాక్టరమ్మ అడిగేటియి రెండేండ్ల సంది అవే.
ఎప్పుడొస్తయి? ఎంతసేపుంటయి?
ఎవలతోని కొట్లాడినంక?
అప్పుడు నమ్ముతవా, అనుమానపడతవా?
"ఎప్పుడొస్తయి" అని ఓదెలన్ననడిగితే
"ఎప్పుడు పోతయి" అని ఆయనే తిరిగి అడిగిండట.
ఆయనకు నెలనెల సూది.
నాకు వారానికో గంట మాట,
సల్లనీళ్ల చెంబుల చెయ్యి, ఒకటి నుంచి వంద.
"గీత గీసినంత అల్కగ ఉండదమ్మా"
అన్నది ఓనాడు, పెన్ను మూత పెట్టి,
"కొందరికి గోడ వారాలకొద్ది మాట్లాడతది.
గోడ మాట్లాడలేదని నేనంటే
నువ్వు వినలేదని కాదు."

ఈ మాట ఓదెలన్నకు నేను చెప్పలే.
బయట చాయబండి కాడ ఆయనే అడిగిండు:
"నీయి ఆడగొంతులా, మొగగొంతులా?"
ఇంతదాంక ఎవ్వలూ అడగలే.
"నా గొంతే అన్నా" అన్న.
శానాసేపు గ్లాసు తిప్పుకుంట ఊకున్నడు.

కాజీపేట దిక్కు పోయే గూడ్సు కూత.
ఆయన తల లేపిండు.
"గిది నీగ్గూడ ఇనిపిచ్చిందా?"
"ఇనిపిచ్చిందన్నా."
ఇద్దరం చెవులొగ్గి
పెట్టెలు లెక్కబెడుతున్నట్టు నిలబడ్డం,
అది నిజంగ పోయేదాంక.