కట్టకు ఎన్ని ఆకులు

మూడో పాఠం దగ్గర ఆగిపోయాను.
అంకీసా బడి వరండా, ఏప్రిల్ చివరి వారం,
పదకొండు మంది గురూజీల కోసం నేను రాస్తున్న పుస్తకం.
ఎడమ పేజీ మరాఠీ, కుడి పేజీ తెలుగు.
పిల్లలు ఇంట్లో అన్నం అడిగే మాట
బడిలో ఒక పక్కనైనా ఉండాలని.
కంప్యూటర్లు మూడు.
టార్పాలిన్ కింద పడుకుని
కరెంటు నిలిచిన రోజు లేస్తాయి.

వేరియబుల్‌కి నది అవతలి లెక్కల పుస్తకంలో
చరరాశి అని ఉంది. అదే దించాను.
"గండ్ల జాతకం గూడ చెప్తరా మేడం?" అన్నది
వంట చేసే రాజుబాయి, పప్పులో గరిటె ఆపకుండా.
మరాఠీ పేజీలో చల్ అని ఉంది.
చల్ అంటే పిల్లలు లేచి బయటికి నడుస్తారు,
ఆ సంగతి నాకూ తెలుసు.

రాజుబాయి వేళ్లకు తునికాకు పసరు.
తెల్లారకముందే అడవికి పోయి
మోపెడు కోసుకొచ్చి, కట్టలు కట్టి
అప్పుడు పొయ్యి వెలిగించింది.
"మా అక్కను ఇచ్చింది కాళేశ్వరం దిక్కు.
ఆడ కట్టకు యాభై ఆకులు, ఈడ డెబ్బై.
పేరు ఒక్కటే. లోపల పెట్టేది వేరు."

కొట్టేసిన చరరాశి పక్కన
కట్ట అని రాశాను.
కట్ట = 70
ప్రాణహిత దాటితే
కట్ట = 50
వంతెన మధ్యలో నిలబడితే ఎంత, అని
ప్రశ్న కూడా పెట్టాను, కొంచెం గర్వంగా.

నాలుగో పాఠాన్ని మడావి గురూజీ
తన తరగతిలో ముందే వేసి చూశాడు.
ఆకు తీయి. చిరిగిందా, పక్కన పెట్టు.
మంచిదా, పేర్చు.
మళ్లీ ఆకు తీయి.
గావుడె వాళ్ల తనూజ పేరుస్తూనే ఉంది.
డెబ్బై దాటింది, నూరు దాటింది,
అన్నం గంట కొట్టారు,
పళ్లేలు మోగించుకుంటూ అందరూ పోయారు,
ఆ పిల్ల కదల్లేదు.
"ఆగమని రాయలేదు గద" అందట.

నిజమే. రాయలేదు.
డెబ్బై సంగతి అందరికీ తెలుసులే అనుకున్నాను,
ఇరవై ఏళ్లుగా చాలా సంగతులు
అట్లాగే అనుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి ఒక్క వాక్యం చేర్చాను:
ఎన్ని అయ్యాక ఆగాలో ముందే చెప్పండి.
మార్జిన్‌లో మడావి గురూజీ
అన్నం అడిగే మూడో మాటలో, గోండీలో,
అదే వాక్యం రాసి చదివి వినిపించాడు.
నా నోరు తిరగలేదు. నవ్వి, రెండోసారి చదివాడు.

మర్నాడు రాజుబాయి
తడి చేతులు వెనక్కి పెట్టుకుని
కాగితం మీదికి వంగింది.
తను చదవదు. నేను చదివాను.
"అంత మంచిగనే ఉన్నది మేడం.
కల్లంల మున్షీ నూరు కట్టలకు ఐదు కట్టలు
లెక్కల రాయకుంట పక్కకు పెట్టుకుంటడు.
ఆ లైను యాడ రాసిన్రు?"

పెన్ను మూత తీసే ఉంది.
ఐదో పాఠానికి ఇంకా పేరు పెట్టలేదు.