ఆవిరి

డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన.
ఫిల్ము చచ్చిపోయేటప్పుడు అలాగే కంపు కొడుతుందని
ఆర్కైవ్ కుర్రాడు బాస్తియన్ చెప్పాడు.
ముక్కు మూసుకున్నాను.
నలభై నాలుగేళ్ల కిందట కూడా
ఈ సినిమా ముందు ముక్కే మూసుకున్నాను.

అప్పట్లో టొరంటోలో ఒక పేపరుకి
శుక్రవారం సమీక్షలు రాసేదాన్ని.
ఇరవై తొమ్మిదేళ్లు, కొత్త టైప్‌రైటరు,
ఎవర్నైనా నమిలేయగల దవడ.
పన్ను పీకే డాక్టర్లు పన్ను ఎగ్గొట్టడానికి
పోగేసిన డబ్బుతో తీసిన సినిమా,
'నాలుగో గోదాము'.
థండర్ బే రేవులో, జనవరిలో,
సరస్సు గడ్డకట్టి రాత్రంతా మూలుగుతుంటే
పధ్నాలుగు రోజుల్లో చుట్టేశారు.

ఊరిని ఒహాయో అన్నారు.
కార్లకి ఒహాయో నంబరు ప్లేట్లు,
పోస్టాఫీసు మీద అద్దెకి తెచ్చిన చుక్కల జెండా.
ఒక షాట్‌లో గాలికి అది లేస్తే
కిందనుంచి ఎర్రటి మేపుల్ ఆకు కొస,
దుప్పటి చాలని పిల్లాడి బొటనవేలులా.
దానికీ నవ్వాను.

నాలుగో రీలు. గోధుమల మీద
ఒక అమ్మాయి శవం.
హంతకుడు వెళ్లిపోయాడు, పోలీసు టోపీ తీశాడు,
శవం నోట్లోంచి
సన్నగా ఆవిరి.

రాశాను:
"ఈ దేశంలో శవాలకి కూడా చలేస్తుంది.
మనకి భయపెట్టడం రాదు, వణకడమే వచ్చు."
ఆ వాక్యం బాగా పేలింది.
పార్టీల్లో జనం దాన్ని నాకే తిరిగి చెప్పేవాళ్లు.
ప్రజల సొమ్ము ఇలాగా తగలేసేది అని
ఎవరో సభలో చదివి వినిపించారట.

ఇప్పుడు ఆ సినిమా మీద థీసిస్‌లున్నాయి.
పేరు దాచుకున్న ఊరే అసలు దెయ్యం అని ఒకాయన.
ఆవిరికి పదకొండు పేజీలు ఇంకొకాయన,
మంచు కింద పూడ్చిన నేల ఊపిరట అది.
నా వాక్యాన్ని ఫుట్‌నోట్‌లో ఉరేశారు.
తప్పు పట్టను. తాడు నాదే.

కొత్త ప్రింటుకి ముందుమాట రాయమన్నారు నన్నే,
పశ్చాత్తాపానికీ గిరాకీ ఉంది కదా.
రాసేముందు రైలు దొరక్క బస్సెక్కి
ఐలా కోస్కెలా ఇంటికి వెళ్లాను.
అరవై ఆరేళ్లు, పోస్టాఫీసులో రిటైరైంది,
చేతులకి యాలకుల రొట్టె పిండి.

"నోట్లో ఐసుముక్క పెట్టేవాళ్లు,
ఊపిరి కనపడకుండా.
మూడో టేకుకి ఐసు అయిపోయింది.
బయట చూస్తే మైళ్లకొద్దీ మంచు,
లోపల ఐసు లేదు!"
నవ్వి, పిండి దులుపుకుని
కాసేపు ఏమీ అనలేదు.
"బిగబట్టమన్నారు. బట్టేదాన్నే.
మా నాన్న అంతకు రెండేళ్ల ముందు
ఆ గోధుమల్లోనే దిగబడిపోయాడు.
అదే గోదాము. అక్కడ వెల్లకిలా పడుకుని
ఊపిరి బిగబట్టడం నావల్ల కాలేదు."
తర్వాత, "ఇది రాయకు" అంది.

సమీక్ష చదివావా అని అడిగాను.
"కత్తిరించి దాచాను. నా గురించి పేపర్లో పడింది
అదొక్కటే. పేరు వెయ్యలేదనుకో."

రొట్టె తిన్నాను. చాలా బాగుంది.
అది కూడా సిగ్గుగానే ఉంది.

ఇవాళ బాస్తియన్ ఆ చోట ఆపాడు.
ముప్పై ఒక్క ఫ్రేములు, లెక్కపెట్టాం.
మొదటి దాంట్లో పెదవి కదులుతుందంతే,
పదో దానికి తెల్లటి దారం,
ఇరవైకి గోధుమలూ ముఖమూ కలిసిపోతాయి.
"గీతలతో పాటు ఇదీ చెరిపేయనా?
తప్పే కదా. చిటికెలో పని" అన్నాడు మంచివాడు.

ముందుమాటలో ఇప్పటికి
ఒక్క పంక్తే ఉంది:
శవం, ఐలా కోస్కెలా.
మిగతాది రాయకూడనిది.

"ముట్టుకోకు" అన్నాను.
ఎందుకని అడుగుతాడేమోనని
కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.