పాల సొర

నీలాంకరై ఒడ్డున రాత్రి తొమ్మిదింబావు.
సుండల్ కుర్రాడు ఖాళీ తపేలాను ఇసకతో తోముకుంటున్నాడు.
నా భుజం మీద పన్నెండడుగుల కొత్త గాలపు కర్ర,
ధర చీటీ కూడా తియ్యలేదు.

దానేసు కర్ర వైపు చూడలేదు. నీళ్ల వైపు చూశాడు.
"ఆ పాప కాళ్లు తడుపుకుంటంది. ఎల్లనీండి."
పాప వెళ్లింది. వాళ్ల నాన్న లుంగీ పిండుకుని వెళ్లాడు.
తర్వాత ఒక జంట. తర్వాత ఒక కుక్క.
కుక్క కోసం కూడా ఆగాడు.
"మనం పిలిసేది దేన్నో తెలుసు గదా.
పిలిసినప్పుడు ఆ నీళ్లల్లో ఎవులూ ఉండకూడదు."

పదిహేనేళ్లు కాశిమేడు బోట్ల మీద,
ఇప్పుడు మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర నీలం చొక్కా.
ఊరు భావనపాడు. ఇంటిపేరు గనగళ్ల.
నేను తెచ్చిన కోడి నెత్తురు డబ్బాకి
మూత తియ్యనివ్వలేదు:
"తెల్లారితే ఇక్కడే గదా పిల్లలు గెంతుతారు."
గాలానికున్న ఎదురుముల్లుని పటకారుతో నొక్కి
చదును చేశాడు.
జారిపోదూ? అన్నాను.
"జారిపోతే దానిదే."

మా చెల్లెలు పురుడు పోసుకుని తొమ్మిదో రోజు.
పాలు చాలడం లేదు. వాళ్లత్త సొర పిట్టు, సొర పిట్టు అంటోంది.
అందుకే వచ్చానని నాకు నేను చెప్పుకున్నాను,
ఫొటో కోసం కాదని.

పదకొండున్నరకి కర్ర వంగింది.
అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, అక్కణ్ణించి పళ్లలోకి
ఎవరిదో బలం పాకింది.
ఎంతసేపో తెలీదు. చివరికి అలే తెచ్చి చూపించింది:
బూడిద రంగు వీపు, నా నడుం దాకా వచ్చే పొడవు,
తెల్లటి పొట్ట,
ఆ పొట్ట రెండు పక్కలా ఉబ్బి.

ఎక్కణ్ణించి వచ్చారో, ఏడెనిమిది ఫోన్ల దీపాలు.
ఒకడు తోక పట్టి పొడి ఇసక మీదికి లాగబోయాడు.
దానేసుకి అంత గొంతుందని
గేటు దగ్గర ఎప్పుడూ తెలీలేదు.
తమిళంలో ఒక తిట్టు, వెంటనే తెలుగులో ఒక బతిమాలుడు:
"లైట్లాపండి బాబూ. ఎనక్కి. దాని దారికి అడ్డం లెగండి."

నాతో: "మోకాలి లోతుకి రండి. చేతులు తడుపుకోండి."
ఎందుకని అడగలేదు, తడుపుకున్నాను.
తల నుంచి తోకకి నిమిరితే పట్టు.
ఎదురు నిమిరితే రంపం.
మెడ దగ్గర అయిదు చీలికలు
తెరుచుకుంటూ, మూసుకుంటూ,
వాటిలోంచి నీళ్లు పోతున్నంతసేపే దానికి ఊపిరి.
నా అరచెయ్యి పొట్టకి ఆనింది.
లోపల ఏదో పక్కకి తిరిగింది.
"ఇది గుడ్లెట్టదండి," అన్నాడు. "మనలాగే కంటాది."

ఒక్క ఫొటో, అన్నాను. అవును, అన్నాను.
అతను నా మొహం చూడలేదు, చీలికలు చూస్తున్నాడు.
"పైకి లేపితే అది ఊపిరి బిగబట్టాల.
మీరూ బిగబట్టండి మరి. మీరెంతసేపుంటే అంతసేపు."
బిగబట్టాను.
తడి వేలికి ఫోను తెరుచుకోలేదు.
మళ్లీ నొక్కాను. తెరుచుకోలేదు.
ఊపిరి వదిలేశాను.

ముల్లు లేని గాలం, అడిగినట్టు వచ్చేసింది.
తల సముద్రం వైపు తిప్పి పట్టుకున్నాడు, తొయ్యలేదు.
అది వెంటనే కదల్లేదు.
అలలు రెండు వచ్చాయి, మూడోది కూడా వచ్చి పోయింది.
అప్పుడు తోకతో నా ముంజేతిని ఒకసారి గీకి
వెళ్లింది.
వెనక ఎవరో "వేస్టు" అన్నారు.

దానేసు అప్పటికే వంగి నైలాను దారం ఏరుతున్నాడు,
మాది, మాది కానిది.
తాబేళ్లు ఒడ్డెక్కే నెల.

మర్నాడు పొద్దున్నే కాశిమేడు వెళ్లి కిలో సొర కొన్నాను.
దాచడం ఎందుకు.
ఎవరి వల, ఎలాంటి కడుపు అని
అడగాలనిపించింది, అడగలేదు.
గేటు దగ్గర దానేసు సంచీ చూశాడు,
సంచీలోంచి కారుతున్నది చూశాడు.
"పిట్టులో ఎల్లుల్లి ఎక్కువెయ్యమనండి."

గీత మూడు రోజులుంది ముంజేతి మీద.
కర్రకి ధర చీటీ ఇంకా అలాగే వేలాడుతోంది,
ఉప్పుకి అంకెలు చెరిగిపోయి.