వేషగాడు

గ్రిమ్స్‌బీలో జనవరి అంటే
చేపల వాసన కూడా గడ్డకట్టే నెల.
ఫ్యాక్టరీలో, రబ్బరు తొడుగుల లోపల
ముందు నా వేళ్ళకు జ్వరమొచ్చింది,
తర్వాత ముక్కుకు, గొంతుకు,
ఆ తర్వాత ఎముకలన్నిటికీ కబురందింది.

సెలవు పెడితే జీతం కోత.
అందుకని చుట్టూ ఉన్నవాళ్ళంతా వైద్యులయ్యారు.

సూపర్‌వైజర్ ట్రెవర్ జేబులోంచి పొట్లాలు తీశాడు.
నిమ్మకాయ పొడి, వేణ్ణీళ్ళలో కలుపుకో,
గుర్రంలా పరిగెడతావు, అన్నాడు.
పక్కగది హైమావతి గొట్టం మాత్రలిచ్చింది,
ఎర్రవి, పగటి పూటకి.
తలనొప్పికి తెల్లబిళ్ళలు నా సంచిలో ఎలాగూ ఉంటాయి.
రాత్రికి పచ్చటి సిరప్పు.
గుక్క దిగగానే మంచం పడవయ్యేది.

పొడి జలుబుకి, ఎర్రది ఒళ్ళునొప్పులకి,
తెల్లది తలకి, పచ్చది నిద్రకి.
ఎవరి వాటా వాళ్ళకి.
ఎంత పద్ధతిగా ఉన్నాననుకున్నానో!

రెండోరోజు సాయంత్రానికి పొట్లాలు నిండుకున్నాయి.
ఫ్రీమన్ వీధి కొట్లో
మూడు పెట్టెలు తెచ్చి గల్లా ముందు పెట్టాను.
రెండే ఇవ్వగలను బంగారం, అంది పోలీన్.
నా డబ్బు, నా జలుబు, మధ్యలో నీ రేషనేమిటి
అని అడగబోయాను. దగ్గొచ్చి మాట మింగేసింది.

ఆమె వాదించలేదు.
ఒక పెట్టె వెనక్కి తిప్పి
పెచ్చులూడిన గులాబీ రంగు గోరు
ఒక మాట కింద పెట్టింది.
రెండోది తిప్పింది. అదే గోరు.
మూడోది తిప్పింది. అదే మాట.
పారాసెటమాల్.

చిన్నప్పుడు మా వీధికి ఒక పగటివేషగాడు వచ్చేవాడు.
పొద్దున అర్ధనారీశ్వరుడు,
మధ్యాహ్నం మీసాల జవాను,
పొద్దుగూకేవేళకు సోదెమ్మ.
రెండుసార్లు చేటెడు బియ్యం పోసిన నాయనమ్మ
మూడోసారి చేట ఎత్తి, ఆగి,
సోదెమ్మ కాళ్ళకేసి చూసింది.
"ఒరే, చీర మార్చావుగానీ
బొటనవేలి గోరు మార్చుకోలేకపోయావు!"

ఇంటికొచ్చి వంటగట్టు మీద
తాగినవీ మింగినవీ అన్నీ బోర్లించాను.
ఫోను దీపం కింద చీమలబారులాంటి అక్షరాలు.
పొడి మూడుసార్లు, మూడు గ్రాములు.
ఎర్రవి రెండేసి, రెండుసార్లు. ఇంకో రెండు.
తెల్లవి ఒకటి. సిరప్పు ఒకటి.
మళ్ళీ కూడాను. మళ్ళీ ఏడే.
నాలుగు దాటొద్దని
పెట్టె పెట్టె మీదా రాసే ఉంది,
నేను తప్ప ఎవరైనా చదివేంత స్పష్టంగా.

నూటపదకొండుకి ఫోను చేశాను.
"నాకేమీ అనిపించడం లేదండీ."
"ఒకట్రెండు రోజులదాకా అనిపించకపోవచ్చు," అంది ఆ గొంతు,
"అందుకే ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళమంటున్నాను.
పెట్టెలు కూడా తీసుకెళ్ళండి."

ప్లాస్టిక్ కుర్చీలో, మోచేతి మడతలో దూదితో
తెల్లారేదాకా కూర్చున్నాను.
ధైర్యాన్ని కలేజా అంటాం, గొప్పగా.
అసలు కలేజాని మాత్రం
ఎంత మోయగలవు తల్లీ అని ఒక్కనాడూ అడగలేదు.
అది దగ్గదు, తుమ్మదు, సెలవు అడగదు.
వచ్చినవాళ్ళందరికీ చేట ఎత్తుతూనే ఉంటుంది.

రక్తం బాగానే ఉంది, ఈసారికి, అన్నాడు డాక్టరు.
ఆ "ఈసారికి"ని కోటు జేబులో వేసుకుని
హంబర్ గాలిలో నడిచొచ్చాను.
జలుబు తగ్గలేదు. అది దాని లెక్కన అది తగ్గింది,
ఇంకో నాలుగు రోజులకి.

వారం పోయాక ట్రెవర్‌కి మళ్ళీ జేబు నిండింది.
హైమావతి తుమ్మితే చాలు, పొట్లం చాపాడు.
నేను మధ్యలో అందుకుని వెనక్కి తిప్పాను.
"అంతసేపు ఏం చూస్తున్నావు?"

"కాళ్ళు," అన్నాను.