సంతకం గడి

జీతంలో ఇరవై రెండు శాతం కోత అని
కాగితం అంటించినవాడు
నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చాడు.
ఒకటి వంకరగా దిగింది.
అందరం మొదట చూసింది దాన్నే.
యతిరాజులు ఆ పిన్ను పీకి, తిన్నగా గుచ్చి,
అప్పుడు చదివాడు పైకి.

మీనంబాక్కంలో రాత్రి రెండింటికి కూడా
హ్యాంగరు రేకులు పగటి వేడిని వదలవు.
రెక్క కింద కూచుని
అట్టముక్క మీద లెక్క వేశాం.
పళ్లావరంలో ఇంటద్దె, పిల్లదాని ఫీజు, స్కూటరు కంతు,
పంటికి వేయించుకున్న తొడుగు బాకీ.
కోత పోగా మిగిలేది
మిగలకముందే అయిపోయింది.

సహాయరాజ్ ఆస్పత్రిలో స్కానింగు మిషన్ల పనికి పోతాడట.
మస్తాన్ కాశిమేడులో
చేపల లారీల చల్లపెట్టెలు బాగుచేస్తాడట.
"జీతం మంచిదేరా, వాసనే" అన్నాడు
మూతి తుడుచుకుంటూ, ఇప్పటికే వాసనొస్తున్నట్టు.
యతిరాజులుకి యాభై నాలుగు.
"ఈ వయసులో కొత్త మిషను నా మాట వినదు" అని
టీ కప్పులు ఏరుకుని లేచాడు.

డ్యూటీ దిగి అవే బూట్లతో
నేను గిండీ వెళ్లాను.
లిఫ్టుల కంపెనీ.
నాకంటే పదమూడేళ్లు చిన్నవాడు కుర్చీ వేశాడు:
"విమానాలు చూసినవాళ్లకి లిఫ్టెంత సార్!"
తొమ్మిది వేలు ఎక్కువ. ఆదివారం సెలవు.
మనుషుల్లా రాత్రిపూట నిద్ర.

వేళచ్చేరిలో ఒక అపార్టుమెంటు పైకి తీసుకెళ్లి
ఏదీ చూడండి అన్నాడు.
ఇనప తాళ్లు చూశాను. బ్రేకు చూశాను.
మళ్లీ మొదట్నుంచీ చూశాను.
టార్చిలైటు పళ్ల మధ్య పట్టుకుని మూడోసారి.
అతను వాచీ చూసుకున్నాడు.
చేతులు తుడుచుకుని అడిగాను,
"సంతకం ఎక్కడ పెట్టాలి?"
"దేనికి సార్?"
"నేను చూశానని."
నవ్వాడు. మంచి కుర్రాడే.
"ఏదన్నా అయితే వాళ్లే ఫోను చేస్తారు సార్."

ఆరో అంతస్తు నుంచి
మెట్లమీద దిగాను.

పద్దెనిమిదేళ్లుగా పెడుతున్నాను ఆ సంతకం.
నూట ఎనభై మంది ఎక్కుతారు,
చక్రపాణి ఎవరని ఒక్కరూ అడగరు.
అడిగే రోజు రాకూడదనే ఆ సంతకం.
దానికి ఇరవై రెండు శాతం కోత ఎక్కడ పెట్టను?
నాలుగక్షరాల్లో ఒకటి తగ్గించి
చక్రపా అని రాయనా?

ఇదే ఇంట్లో అన్నాను, కాస్త గొంతు పెంచి.
ఇందుమతి క్రోంపేటలో తోలు ఫ్యాక్టరీలో కుడుతుంది.
బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండానే,
"పదకొండేళ్లు బూట్లు కుట్టాను,
ఎక్కడుంది నా సంతకం?
అయినా ఒక్క కుట్టన్నా ఊడిందా?"
కాసేపాగి,
"తొమ్మిది వేలంటే తొమ్మిది వేలు" అంది.

నా కాళ్లకున్న బూట్లు తను తెచ్చినవే.
కుట్టు వెంబడి వేలు పెట్టి చూశాను.
ఒక్క చోటా తేడా లేదు.
చెప్పాలనుకున్నది
ఇంకేదో ఉండింది, మరిచిపోయాను.

ఆ రాత్రి పనిముట్ల పెట్టె తెరిచాను.
స్పాంజిలో కోసిన గుంటలు,
ఏ స్పానరు గుంట దానిది.
ఒక్కటి ఖాళీగా ఉన్నా విమానం కదలదు.
లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.
మస్తాన్ లేడు.

చక్రం బిగించి, తీగ మెలేసి,
లాగి చూసి, యతిరాజుల్ని కూడా లాగి చూడమని,
పుస్తకంలో పేరు రాశాను.
నాలుగక్షరాలూ. పక్కన టైము, మూడు నలభై.

గిండీ కాగితం టిఫిను సంచిలో ఉంది.
శుక్రవారం దాకా గడువు.
పొద్దున బస్సులో విప్పి చూశాను.
దానికింద కూడా ఒక గడి ఉంది సంతకానికి.
మా పుస్తకంలో దానికంటే
చాలా పెద్దది.