మెడ అని రాశాను

తెల్లారుజామున నా పని రొయ్యల లెక్క.
చెరువుగట్టు మీద కిలో తూచి
ఒక్కోటీ ఏరి, ట్రేలో వేసి, కౌంటు చెబుతాను.
రాత్రి నా పని పాయింట్ల లెక్క.
మొగల్తూరు హైస్కూలు గ్రౌండులో మ్యాటు పక్కన
ప్లాస్టిక్ బల్ల, రెండు పెన్నులు,
ఫ్లడ్‌లైటు చూసి ఎగిరొచ్చి బుక్కులో రాలే వరి పురుగులు.
ఊదితే పోవు.
వేలితో తీస్తే అంకె మీద మరక.

లీగు మ్యాచిలో, మధ్యాహ్నం మూడున్నరకి,
భీమవరం వాళ్ళు వేలంలో కొనుక్కున్న కార్నరు పృథ్వీ
(ఫ్లెక్సీ మీద అతని బొమ్మ మా ఇంటికన్నా ఎత్తు)
కూతకొచ్చిన కుర్రాడి మెడ చుట్టూ మోచెయ్యి బిగించాడు.
కబడ్డీ కబడ్డీ కబ—
సుబ్బారాయుడు మాస్టారు ఈల వేశారు.
కూత ఆగింది, అవుటు, అన్నారు.
మెడ నొక్కితే కూత ఎక్కణ్ణించి వస్తుందండీ
అని నేనడగలేదు. అడగడం నా పని కాదు.
కార్నరుకి పచ్చ కార్డు చూపించి
భుజం తట్టారు.

సెమీస్‌లో పేరుపాలెం లంకె ధనకొండ.
ఉప్పునీళ్ళలో వల లాగి లాగి
మణికట్టు దగ్గర చర్మం తాడులా తేలినవాడు.
అదే మెడ. అదే మోచెయ్యి.
ఎర్ర కార్డు.
ధనకొండ ఏమీ అన్లేదు,
చెయ్యి తిప్పి చూసుకున్నాడు,
ఎవరిదో చెయ్యి తనకి తగిలించినట్టు.

ఫైనల్‌కి అతను తాడు అవతల గొంతుక్కూర్చున్నాడు.
లోపల పేరుపాలెం మోషేబాబు కూతకెళ్ళాడు,
బోనసు గీత దాటాడు, తిరిగాడు,
మళ్ళీ పృథ్వీ, మళ్ళీ మెడ,
ఈసారి మీద ఇంకో ఇద్దరు పడ్డారు.
ఎముక విరిగిన చప్పుడు నా బల్ల దాకా వినపడింది,
ఎండు కొబ్బరిమట్ట తొక్కినట్టు.
కార్డు లేదు. ఈల కూడా లేదు.
ఆటన్నాక అన్నీ ఉంటాయి, ఆడండాడండి, అన్నారు మాస్టారు.
మోషేబాబుని నర్సాపురం ఆటోలో ఎక్కించారు.
ఏడో నంబరు బనీను కత్తెరతో కోసి తీశారంట.

నా బుక్కులో కారణం అని ఒక గడి ఉంది.
మూడు చోట్లా
మెడ
అని రాశాను.

మాస్టారు మజ్జిగ గ్లాసుతో బల్ల దగ్గరికొచ్చారు.
ఈయనే నాకు ఏడో తరగతిలో డ్రిల్లు నేర్పింది,
వానొస్తే లోపలికి పొమ్మని
తను తడుస్తూ బంతులు ఏరుకున్నాయన.
పల్లాలూ, నాకు వాడి వీపే కనపడిందే,
చెయ్యి కనపళ్ళేదు. మూడోది కొట్టెయ్యమ్మా, అన్నారు.
ఈల ఇంకా పిడికిట్లోనే ఉంది.
అబద్ధమనుకోను. వీపు కూడా చూశారేమో.
కానీ సెమీస్‌లో మాత్రం
అటు తిరిగున్న ధనకొండ చెయ్యి
వీపులోంచి ఎలా కనపడిందో.

కొట్టెయ్యలేదు.
అందులో నా గొప్పేం లేదు, పెన్ను కదల్లేదు, అంతే.

ఎందుకంటే మంగళవారం
ఎకరం చెరువు ఏడుకొండలు గారి కిలోకి
నలభై మూడు వచ్చాయి.
కంపెనీ అబ్బాయి దగ్గాడు. నలభై ఆరు అన్నాను.
అరవై ఎకరాల బాబుగారి గట్టు మీద
నలభై ఆరు వచ్చాయి.
మళ్ళీ దగ్గాడు. నలభై మూడు అన్నాను.
అదే కాటా, అదే ట్రే, ఇవే వేళ్ళు.
ఏడుకొండలు గారు తలగుడ్డ విప్పి
మొహం తుడుచుకున్నారు, ఇంకోసారి తూచమనలేదు.
రొయ్య ఐసులో పడ్డాక
ఎవరు లెక్కపెడతారు?

బుక్కు కమిటీ వాళ్ళు పట్టుకెళ్ళారు.
హైస్కూలు బీరువాలో ఉందంటారు,
మూడు మెడలతో, పురుగు మరకలతో.

ఇవాళ తెల్లారి మళ్ళీ ఏడుకొండలు గారి చెరువు.
ఏరియేటర్లు ఆపేశారు,
నీళ్ళు సద్దుమణిగాయి, కొంగ దిగింది.
ఒక్కోటీ ఏరి ట్రేలో వేశాను.
వెనకాల దగ్గు.
ఊపిరి బిగబట్టి నోరు తెరిచాను.
నలభై మూ—