ఆఖరి రీలు

లాలాపేటలో ఒక మిరపకాయల కొట్టు ఖాళీ అయింది.
అద్దె నెలకు మూడు రూపాయలు,
ఎలుకలు ఉచితం.
మా నలుగురిలో పెద్దవాడు మస్తాన్, పదహారేళ్ళు.
రాని మీసానికి కాటుక పూసుకుని
పెద్దమనిషిలా సంతకం పెట్టి వచ్చాడు.

మిషను, తెనాలిలో దివాలా తీసిన డేరావాడిది.
దాని వెల:
పున్నయ్య వాళ్ళమ్మ వెండి మురుగులు,
యోహాను కట్టని బడి జీతం,
నేను ఎక్కడ తెచ్చానో ఇప్పటికీ చెప్పని ఐదు రూపాయలు.
కార్బైడు దీపం కంపు కొట్టేది, అయినా వెలిగేది.
రెండు పంచెలు కలిపి కుట్టిన తెర మీద
కుట్టు సరిగ్గా దొరసాని ముక్కు మీదుగా పోయేది.
"పాపం, చిన్నప్పుడు ఏదో దెబ్బ తగిలుంటుంది" అనేది
తొడిమలు తీసే అంకమ్మ.

గోడ మీద నీలిమందుతో రాశాం:
బాలభాను బయోస్కోపు. ప్రొప్రయిటర్లు నలుగురు.
ప్రొప్రయిటరులో వత్తులెన్నో తేలక
నాలుగు గోడల మీద నాలుగు రకాలుగా.

మొదటి ఆట హాస్యం బొమ్మ.
గోడల్లో పదేళ్ళ కారం దాగి ఉందని మాకేం తెలుసు?
దీపం వేడికి, జనం ఊపిరికి
అది మెల్లగా లేచింది.
రెండొందలమంది ముక్కులు చీదుకుంటూ ఏడ్చారు.
తెల్లారేసరికి పట్నంబజారు దాకా ఒకటే మాట:
గుండె కరిగించే బొమ్మట, చూసి తీరాలట.

నా పని నోరు.
తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడగానే
కర్రతో నేల తట్టి అర్థం చెప్పాలి.
నా ఇంగ్లీషు థర్డుఫారం దాకా,
అదీ రెండుసార్లు తప్పినది.
దొర కోప్పడితే మా మేనమామ తిట్లు అరువిచ్చేవాణ్ణి.
దొరసాని ఉత్తరం చదివి కూలబడితే
షావుకారు వడ్డీ లెక్క పంపాడనేవాణ్ణి.
అంతా అవునవునన్నారు.
ఎవరూ అబద్ధమనలేదు.

అవతలి డేరావాడు ఊరుకుంటాడా?
పార్సిలు గుమాస్తా చేతిలో ఒక రూపాయి.
మా ఆరో రీలు రేపల్లె బండెక్కి పోయింది.
పున్నయ్య గూడ్సు పెట్టెలో దూరి దాని వెనకే పోయాడు.
ఇక్కడ కొట్టు నిండిపోయింది,
గుమ్మం బయట చెప్పుల గుట్ట.

ఐదో రీలు చివర:
వరదలో పడవ, పడవలో పిల్ల,
ఒడ్డున అన్న చేతిలో తాడు.
విసిరాడు.

తెల్లటి వెలుగు.

ఉత్త పంచె, దాని మధ్య కుట్టు.
చప్పుడు ఆగితే జనం లేస్తారని
యోహాను ఖాళీ మిషను తిప్పుతూనే ఉన్నాడు.
"చెప్పరా" అన్నాడు మస్తాన్ చీకట్లోంచి.
నేను కర్ర తట్టాను.
తాడు అందలేదన్నాను.
ఎందుకన్నానో! కాలవలో మా చెల్లికి
అందకపోవడం చూశాను గనకనేమో.

ముందు వరసలో అంకమ్మ లేచి నిలబడింది.
"అందకపోవడమేంట్రా? ఇంకోసారి విసరమను."
విసిరాడన్నాను.
"గాలి వాలు చూసుకుని విసరమను సన్నాసిని!"
మళ్ళీ విసిరాడన్నాను.
బల్లల మీదవాళ్ళూ నేల మీదవాళ్ళూ
మోకాళ్ళ మీద ముందుకు వంగారు.
నాలుగోసారికి, కర్ర తట్టకముందే,
నేను నోరు తెరవకముందే,
"పట్టుకుంది! అదుగో!" అని అరిచింది
ఏమీ లేని పంచె కేసి వేలు చూపిస్తూ.
అందరూ చూశారు.
నేనూ చూశాను.

మూడో రోజు పున్నయ్య బొగ్గుమసితో దిగాడు,
చంకలో డబ్బా.
అసలు రీలులో తాడు మొదటిసారికే అందింది.
తర్వాత పెళ్ళి, పూలు, ముద్దు.
జనం గొణిగారు.
"ఇది కాదు, మొన్నటిది వెయ్యండ్రా."

మాఘంలో కొత్త పంట దిగింది,
కొట్టు మళ్ళీ బస్తాల పాలైంది.
మిషను ఎవరికి అమ్మామో, ఎంతకో,
అది వేరే తగాదా.
లెక్కల పుస్తకంలో తేలని బాకీ ఒక్కటే:
అంకమ్మ, నేల టిక్కెట్టు, అర్ధణా.
అడిగితే తొడిమ గిల్లుతూ, తలెత్తకుండా అంది:
"తాడు లాగింది నేనుగా."